ఇంజెక్షను సీసాలో పాదరసం

నా దగ్గర ఒకప్పుడు శేరు పాదరసం ఉండేది. ఇద్దరు మనుషులు పట్టుకుంటే తప్ప కదిలేది కాదు.

శేరు కాదు లెండి. బొటనవేలంత సీసాలో సగం. మా ఆవిడకు ఎప్పుడో జ్వరమొస్తే వాడిన ఇంజెక్షను మందు సీసా అది, రబ్బరు మూతది. అందులోకి పాదరసం ఎలా వచ్చిందంటే, నేను హైస్కూల్లో సైన్సు మేష్టారుగా రిటైరయిన రోజున హెడ్మాస్టరుగారు శాలువా కప్పి... అదీ కాదు. నేను ల్యాబ్ అటెండరుని. సర్వీసంతా గాజు గొట్టాలు కడిగాను. బారోమీటరు పగిలి నేల మీద దొర్లిన పాదరసాన్ని కాగితంతో ఎత్తి అవతల పారేయమన్నారు. పారేయకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ముమ్మిడివరానికి కాస్త ఇవతల మా ఊళ్ళో మాత్రం అందరూ "మేష్టారండీ" అనే పిలిచేవారు. నేను కాదనలేదు. పిలిచేవాడి నోరు ఎందుకు నొప్పించాలి?

ఆ సీసా ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది. పెళ్ళికెళ్ళినా, పరామర్శకెళ్ళినా నలుగురు పోగవగానే తీసేవాణ్ణి. అరచేతిలో పోసుకుని అటూ ఇటూ దొర్లించేవాణ్ణి. అది మంచి పని కాదని తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు కావలసింది నలుగురి కళ్ళు పెద్దవి కావడం.

మా పక్కింట్లో కొబ్బరికాయల వ్యాపారం చేసే తమ్ముడు ఉండేవాడు. తోడబుట్టినవాడు కాదు, వరసకి తమ్ముడు. భార్య పోయి చాలాకాలమయింది. ఒక్కడే కొడుకు, కువైట్లో పని. ఆ అబ్బాయికి ఆత్రేయపురం వైపు పిల్లని చేశారు. సెలవు అయిపోగానే పెళ్ళికొడుకు విమానం ఎక్కేశాడు. కొత్తకోడలు మామగారింట్లో, పెరట్లో కొబ్బరి డొక్కల గుట్టల మధ్య మిగిలిపోయింది. అత్తగారు లేని ఇల్లు కాబట్టి మధ్యాహ్నం అయ్యేసరికి మా అరుగు మీదకి వచ్చేసేది. మా ఆవిడని పెదత్తయ్యగారనీ, నన్ను పెదమావయ్యగారనీ పిలిచేది.

ఆ పిల్ల నవ్వితే కొబ్బరి దింపేవాళ్ళు చెట్టు మీదే ఆగిపోయి కిందకి చూసేవారు. ఇది కొంచెం ఎక్కువే. కానీ నా కథలకి అంత గట్టిగా నవ్వినవాళ్ళు ఇంకెవరూ లేరన్నది మాత్రం నిజం. గోదావరిలో ఈదుతుంటే మొసళ్ళు వెంటపడిన కథ చెప్తుంటే మధ్యలో అడ్డుకునేది.

"మొన్న రెండన్నారు కదండీ పెదమావయ్యగారూ, ఇవాళ మూడయ్యేయేంటండి?"

"మొన్నటికి దానికి పిల్ల పుట్టలేదమ్మా."

పగలబడి నవ్వేది. నేను మర్నాటికి ఇంకో మొసలిని సిద్ధం చేసుకునేవాణ్ణి.

ఒక వానాకాలం మధ్యాహ్నం మా ఆవిడ ఉంగరం అడిగి తీసుకుని, "చూడమ్మా, బంగారాన్ని వెండి చేస్తాను" అన్నాను. చుక్క పాదరసం వేసి గుడ్డతో రుద్దితే ఉంగరం తెల్లగా మారిపోయింది. కోడలు పిల్ల కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. "అయ్యబాబోయ్, పెదత్తయ్యగారి ఉంగరం తినేసిందండీ!" మా ఆవిడ నవ్వలేదు. "మీ చేతిలో పడ్డాక ఏది గనక దాని రంగున ఉందీ!" అని లోపలికి వెళ్ళిపోయింది. కంసాలి నన్ను తిట్టి, దాన్ని కాల్చి, మెరుగు పెట్టి ఇచ్చాడు. అంచున ఒక పాలిపోయిన మచ్చ అలాగే ఉండిపోయింది. ఆ తతంగమంతా తమ్ముడు మా గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. అతను నవ్వలేదు, మెచ్చుకోలేదు. చూశాడంతే.

రెండువేల సంవత్సరం దాటాక రెండు మూడేళ్ళకి ఆ పిల్లకి కొడుకు పుట్టాడు. నెలన్నరకి అంగన్వాడీలో మొదటి సూది వేయించారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, మూడింటికీ కలిపి వేసే సూది. తొడ వాచింది, జ్వరమొచ్చింది, మర్నాటికి తగ్గింది. మా ఊళ్ళో ఏ పిల్లకైనా జరిగేదే.

ఆ తరువాతి శుక్రవారం కువైట్ నుంచి ఫోనొచ్చింది. తమ్ముడింట్లో ఫోను మీద అల్లిక గుడ్డ కప్పి ఉండేది. కొడుకుతో మాట్లాడటం అయిపోయాక తమ్ముడు పెరటి గోడ దగ్గరకొచ్చి ఆ మాటలన్నీ నాకు మళ్ళీ అప్పజెప్పేవాడు. ఆ రోజు రావడమే మొహం అదోలా పెట్టుకుని వచ్చాడు.

"అన్నియ్యా, టీకా మందులో పాదరసం కలుపుతారంట. తెలుసా నీకు?"

"ఎవడన్నాడు?"

"మావోడి రూములో కుర్రోళ్ళు కంప్యూటర్లో చూసేరంట. అమెరికాలో పెద్ద రగడ జరుగుతోందంట. పిల్లలకి మాట రాదంట. కన్నతల్లి వంకైనా చూడరంట. ఇక సూదులొద్దు నాన్నా అని ఫోన్లో ఒకటే ఏడుపు."

"ఏడిసేడు. కంప్యూటర్లో సవాలక్ష రాస్తారు."

"సరే, రాసేరు. మరి అక్కడ పిల్లల మందులోంచి తీసేస్తున్నారంట కదా? వాళ్ళ పిల్లలకి పనికిరానిది మన పిల్లలకి ఎందుకు పొడవాలి? నువ్వు చెప్పు."

తమ్ముడు తెలివితక్కువవాడు కాదు. కాయని చేత్తో తట్టి లోపల నీళ్ళెన్నో చెప్పగలడు. అతనడిగింది ఎవరైనా అడగవలసిన ప్రశ్నే. ఆదివారం పేపర్లో కూడా ఆ గొడవ గురించి రాశారు. హాని ఉన్నట్టు రుజువు కాలేదనీ, అనుమానం ఎందుకని ముందుజాగ్రత్తగా అక్కడ తీసేస్తున్నారనీ. మా ఊరు మొదటి సగం వదిలేసి రెండో సగం చదువుకుంది. తీసేస్తున్నారంటే తప్పున్నట్టే కదా!

రెండో సూది వెయ్యవలసిన బుధవారం వచ్చింది. అంగన్వాడీ వసారాలో నర్సమ్మ నీలం ఐసు డబ్బా దించుకుని కూర్చుంది. తల్లులు వచ్చారు గానీ ఎవరూ ముందుకు జరగడం లేదు. కువైట్ ఫోను సంగతి అప్పటికే వీధి వీధీ తిరిగింది. కోడలు పిల్ల పిల్లాడి చెంపన దిష్టి చుక్క పెట్టుకుని వచ్చింది. వెనకాలే తమ్ముడు.

"మా మనవడికొద్దమ్మా" అన్నాడు నర్సమ్మతో.

"కార్డులో ఇవాళ రమ్మని రాసేరండి మావయ్యగారూ" అంది కోడలు.

"మీ ఆయన వద్దన్నాడు కదమ్మా."

ఆ పిల్ల నా వైపు తిరిగింది. నేనక్కడ ఎందుకున్నానని అడగకండి. పదిమంది పోగైన చోట నేనుంటాను.

"పెదమావయ్యగారూ, మీరు సైన్సు చెప్పేరు కదండీ. నిజంగా ఉంటుందాండీ అందులో?"

తెలియదమ్మా అనాలి. నాకు తెలియదు కాబట్టి. కానీ ఆ మాట నా నోటికి ఏనాడూ అలవాటు లేదు. పైగా అన్ని కళ్ళు నా మీదే ఉన్నాయి. సూది మంచిదన్న నమ్మకం నాకుంది. మంచి వైపే ఉన్నాం కదా, కాస్త ఎక్కువ చెప్తే మాత్రం ఏం పోయిందనుకున్నాను.

జేబులోంచి నా సీసా తీశాను. "ఏదమ్మా, మీదొకసారి ఇలా ఇవ్వండి" అని నర్సమ్మ చేతిలో మందు సీసా తీసుకున్నాను. రెండూ ఎండలోకి ఎత్తి పట్టాను.

"ఇదీ పాదరసం. అద్దంలా మెరుస్తోందా? ఇదీ మందు. బియ్యం కడిగిన నీళ్ళలా ఉందా? ఎక్కడుందర్రా ఇందులో పాదరసం? ఒక్క చుక్కుంటే నా మీసం తీయించేసుకుంటాను. స్కూలు ల్యాబులో పరీక్ష కట్టి చూసినవాణ్ణి నేను!"

ఏ పరీక్షా కట్టలేదు. కట్టడం ఎలాగో కూడా నాకు తెలియదు.

తల్లుల మొహాలు తేటపడ్డాయి. ఎవరో నవ్వారు. కోడలు పిల్ల కూడా నవ్వి, చాప మీద కూర్చుని, పిల్లాడి తొడ మీద గుడ్డ పక్కకి తీసింది. గెలిచాననుకున్నాను.

అప్పుడు తమ్ముడు నెమ్మదిగా అడిగాడు. "ఏమ్మా నర్సమ్మా. అన్నియ్య చెప్పింది నిజమేనా? నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు."

ఆవిడ నా వైపు చూసింది. కాపాడమన్నట్టు చూసిందో, ఎందుకు చేశారీ పని అన్నట్టు చూసిందో నాకిప్పటికీ తెలియదు.

"ఆయ్... ఉంటుందండి. ఉంటుంది గానండి, బొత్తిగా కొంచెమండి. మందు పాడవకుండా వేస్తారంటండి."

"కొంచెమంటే ఎంత?"

"నాకంత తెలీదండి. పైనుంచి పంపిందే వేస్తామండి మేము."

వసారాలో ఉన్నవాళ్ళంతా నా చేతుల వంక చూశారు. రెండు సీసాలు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాను. రెండూ ఒకే ఎత్తు, రెండింటికీ ఒకే రకం రబ్బరు మూత. ఇందులో ఉన్నది అందులో లేదని చూపించడానికి ఎత్తాను. వాళ్ళకి కనిపించింది వేరు. ఇంజెక్షను సీసాలో పాదరసం ఎలా ఉంటుందో కళ్ళారా చూపించాను.

"బంగారం ఉంగరాన్నే తినేసింది కదా అన్నియ్యా నీ పాదరసం" అన్నాడు తమ్ముడు. గొంతులో ఎగతాళి లేదు, భయం ఉంది. "చంటిపిల్లాడు ఎంత?"

కోడలు పిల్ల పిల్లాడి తొడ మీద గుడ్డ కప్పేసింది. "వచ్చే బుధవారం చూద్దాంలెండి" అంది నర్సమ్మతో. నన్ను ఒక్క మాటా అనలేదు. మొసళ్ళ దగ్గర నేనాడిన అబద్ధాలన్నీ ఆమె లెక్క చూసి మరీ క్షమించింది. ఇది మొసలి కాదు.

"మరి మీసమో మేష్టారండీ?" అని ఎవరో అన్నారు. "మాటవరసకన్నాను లెండి" అని నవ్వేసి వచ్చేశాను.

ఆ వచ్చే బుధవారం రాలేదు. ఆ పిల్ల మా అరుగు మీదకి రావడం తగ్గించింది. నేను నిజం కనుక్కుని, గోడ దగ్గరకి వెళ్ళి చెప్పి ఉండవచ్చు. అమలాపురం బస్సెక్కితే చెప్పే డాక్టర్లున్నారు. నేను మీసం సంగతి జనం మరిచిపోయేదాకా ఇంట్లో కూర్చున్నాను.

తర్వాత చెరువుల వైపు వీధిలో బడికెళ్ళే పిల్లలకి దగ్గు మొదలయింది. ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు, చివర కోడికూతలాగా ఒక లాగుడు. పెద్దపిల్లలు దగ్గి దగ్గి కక్కుకుని మళ్ళీ గోళీలాటకి పోయేవారు. చంటివాళ్ళకి ఆ కూత కూడా ఉండదు. మా పక్కింటి పిల్లాడు నాలుగో నెలలో ఉన్నాడు. ఒక మధ్యాహ్నం దగ్గు మధ్యలో ఊపిరి ఆగిపోయి నీలంగా మారాడు. "పెదత్తయ్యగారండీ!" అన్న కేకకి మా ఆవిడ చేతిలో చేట వదిలేసి పరిగెత్తింది.

ఆటోలో అమలాపురం తీసుకెళ్ళాం. తమ్ముడు డ్రైవరు పక్కన కూర్చుని దారి పొడుగునా "జలుబేనమ్మా, జలుబే" అంటూనే ఉన్నాడు. డాక్టరుగారు చూసి, "కోరింత దగ్గు. టీకాలు వేయించారా?" అన్నారు.

"ఒకటి వేయించేమండి."

"మిగతావి?"

ఆ పిల్ల మామగారి వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. డాక్టరు కేకలేస్తారనుకున్నాను. వేయలేదు. వేసినా బాగుండేది. కాకినాడ తీసుకెళ్ళమని చీటీ రాశారు.

వాళ్ళు బండి మాట్లాడుకునేలోపు నేను ఆయన్ని వరండాలో పట్టుకుని అడిగాను. పాపం, విసుక్కోకుండా చెప్పారు. సీసా ఒకటే, పిల్లలు పదిమంది. సూది లోపలికి వెళ్ళినప్పుడల్లా క్రిమి కూడా వెళ్ళే వీలుంది. అది పెరగకుండా పాదరసం కలిసిన మందొకటి వేస్తారు. అందులో ఉండే పాదరసం వేరు రకం, కొంచెంలో కొంచెం, ఒంట్లో నిలవకుండా పోతుంది. డబ్బున్న దేశాల్లో పిల్లకో సీసా ఇవ్వగలరు కాబట్టి తీసేసినా సాగుతుంది. దాని వల్ల పిల్లలకి మాట పోతుందని వెతికినవాళ్ళకి ఆధారం దొరకలేదు.

ఇదంతా చెప్పడానికి టీ తాగేంతసేపు పట్టింది. తమ్ముడి ప్రశ్నకి జవాబు అదే. అది ముందే నా దగ్గర ఉండి ఉంటే చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి కానేమో. "కొంచెం ఉంటుంది" అన్న మాటకి ఎవరి కళ్ళూ పెద్దవి కావు.

పిల్లాణ్ణి కాకినాడ నుంచి తువ్వాలులో చుట్టి తెచ్చారు. కాలవ గట్టు పక్కన తోటలో పూడ్చారు. తిరిగొచ్చి నేను అద్దం పెట్టుకుని మీసం తీసేశాను. పక్కింటి పిల్లాడి కోసం మేష్టారు మీసం తీసేశారు, ఎంత మంచి మనసో అన్నారు జనం. దాన్నీ నేను కాదనలేదు.

కువైట్ నుంచి కొడుకు వచ్చి, ఉన్నన్నాళ్ళూ గోడకేసి చూస్తూ కూర్చుని వెళ్ళిపోయాడు. ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. ఆ మొదటి సూదే చంపింది!

"జ్వరం ఆ రోజే పట్టుకుంది అన్నియ్యా" అనేవాడు తమ్ముడు, గోడ అవతల నుంచి, నా మొహం చూడకుండా. "లోపల తిరుగుతూ ఉండి ఉంటుంది పాదరసం. కదా?"

నేను 'ఊ' అనేవాణ్ణి. వద్దని అడ్డుపడి ఆపిన మనిషి అతను. ఆ ఒక్క మాట పట్టుకుని తేలుతున్నాడు. అది కూడా లాగేస్తే ఏమవుతాడు? అలా అనుకున్నాను గానీ, అసలు సంగతి అది కూడా కాదు. సూదే చంపిందంటే నేను కూడా బయటపడతాను.

నా ఊకారం ఊరంతా పాకింది. "సైన్సు మేష్టారు కూడా ఒప్పుకున్నారు" అన్నారు. బుధవారం నాడు నర్సమ్మ ఇద్దరు ముగ్గురి కోసం సీసా తెరిచేది, ఒక్కోసారి తెరవకుండానే డబ్బా సర్దుకుని ఆటో ఎక్కేది. తర్వాతి ఏళ్ళలో టీవీల్లో చర్చలొచ్చాయి. ఒకరు ఉందనేవారు, ఒకరు లేదనేవారు, అందరూ ఒకేసారి అరిచేవారు. వాళ్ళలో నాకు నేనే కనిపించేవాణ్ణి. వానలు పట్టగానే దగ్గు మళ్ళీ వచ్చేది.

ఆ సీసా సంగతి అడుగుతారేమో. యానాం వంతెన మీద నిలబడి గోదాట్లోకి విసిరేశానని అందరికీ చెప్పాను. విసరలేదు. అటక మీదే ఉంది.

కొన్నాళ్ళకి కువైట్ అబ్బాయి మళ్ళీ సెలవు మీద వచ్చి వెళ్ళాడు. ఆడపిల్ల పుట్టింది. నెలన్నర నిండే ముందు రోజు, నేను పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే గోడ అవతల ఆ పిల్ల నిలబడి ఉంది. చంటిది భుజం మీద నిద్రపోతోంది.

"పెదమావయ్యగారండీ."

"ఏమ్మా?"

"ఒకటడుగుతానండి. కథ చెప్పకూడదు. మీసం మీద ఒట్లూ వద్దు."

"మీసం లేదు కదా తల్లీ."

నవ్వలేదు. నవ్వుతుందని అన్నాను. బుద్ధి అలాంటిది.

"మా బాబు సూది వేయించినందుకు పోయేడాండీ? వేయించనందుకు పోయేడాండీ?"

చేతిలో చెంబు కింద పెట్టాను. సూది వల్లేనమ్మా అంటే ఆ పిల్ల బతికిపోతుంది, తమ్ముడూ నేనూ బతికిపోతాం. భుజం మీద నిద్రపోతున్నదాని మాటేమిటి? నుదుటి రాత అనవచ్చు. అది అన్నిటికన్నా తియ్యటి అబద్ధం. ఎవరి నోటికైనా తేలిగ్గా వస్తుంది. నా నోటి చివరికి వచ్చింది కూడా.

"వేయించనందుకమ్మా" అన్నాను.

ఇంకా ఏదో చెప్తానని ఆగింది. నేనెప్పుడూ ఒక మాట చెప్పి ఊరుకోనని ఆమెకి తెలుసు. నేనేమీ కలపలేదు.

"మరి మొదటిది?"

"దానికి జ్వరమొచ్చింది, తగ్గిపోయింది. అంతే."

"మిగతావి వేయిస్తే బతికేవోడాండీ?"

"బతికే వీలు బాగా ఉండేది. ఖాయంగానా అంటే తెలియదమ్మా."

"పాదరసం ఉంటుందాండీ అందులో?"

"ఉంటుంది. బొత్తిగా కొంచెం. దాని వల్ల పిల్లలు చెడినట్టు ఆధారం దొరకలేదని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు నేను చెప్పింది అబద్ధం. ఏ పరీక్షా కట్టలేదు."

"ఆయ్" అంది. పిల్లని ఇంకో భుజం మీదకి మార్చుకుంది. "ఈ మాట ఆ రోజే చెప్పుంటే వేయించేసేదాన్నండి. కొంచెమేగా అని."

లోపలికి వెళ్ళిపోయింది. చెంబులో నీళ్ళు మొక్కకి పోశానో, అక్కడే వదిలేశానో గుర్తులేదు.

మర్నాడు బుధవారం, మండుటెండలో, చంటిదాని మీద కొంగు కప్పుకుని మా గుమ్మం ముందు నుంచే అంగన్వాడీకి నడిచి వెళ్ళింది. తమ్ముడు వద్దనలేదు, తోడూ వెళ్ళలేదు, వాళ్ళింటి వసారాలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను అరుగు మీద ఉన్నాను. ఆ పిల్ల తల తిప్పలేదు. ఆమెని చూసి ఊళ్ళో ఆడవాళ్ళంతా బిలబిలా వెళ్ళారని రాయాలని ఉంది. ఎవరూ వెళ్ళలేదు.

ఆ చంటిది ఇప్పుడు బడికి పోతోంది. జిల్లా మొత్తం మీద అంత ముద్దుగా మాట్లాడే పిల్ల లేదు. కాదు లెండి, అందరు పిల్లల్లాగే మాట్లాడుతుంది. గోడ అవతల దాని మాటలు వినబడుతూనే ఉంటాయి. మా అరుగు మాత్రం వాళ్ళమ్మ ఎక్కనివ్వదు.